పౌలు ఒక్కసారే వాడిన మాట: యూపారెద్రొస్ అంటే ఏమిటి?

మీరు అడిగింది ఇది: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం 35వ వచనంలో భక్తిని చెప్పే ఒక అరుదైన గ్రీకు మాట ఉందని మీ సంఘంలో ఒక బోధకుడు చెప్పారు. దానికి "చీలిపోని భక్తి" అని అర్థమనీ, అది పెళ్లికాని వారికే సాధ్యమనీ, ఆ మాటను పౌలే పుట్టించాడనీ అన్నారు. ఇందులో ఎంత నిజం ఉంది, తెలుగులో ఆ మాటను భక్తి అనవచ్చా అన్నది మీ సందేహం. పాతికేళ్లుగా కొత్త నిబంధన గ్రీకు బోధిస్తున్నాను. ప్రతి ఏడూ ఈ ఒక్క మాట కోసం ఒక తరగతి పూర్తిగా ఖర్చవుతుంది, అయినా నాకు తనివి తీరలేదు. కాబట్టి తీరికగానే జవాబు రాస్తున్నాను.

ఆ మాట యూపారెద్రొస్. వచనంలో కనిపించే రూపం యూపారెద్రొన్. కొత్త నిబంధన అంతటిలో ఇది ఈ ఒక్కచోటే ఉంది. పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్తువగింతులో అసలు లేదు. మాట అరుదే కాని, దాన్ని కట్టిన ముక్కలు మాత్రం గ్రీకు వారి నోట రోజూ ఆడినవే. "యూ" అంటే చక్కగా, "పారా" అంటే పక్కన, "హెద్రా" అంటే కూర్చునే చోటు, పీఠం. మూడూ కలిస్తే "పక్కన చక్కగా కూర్చుని ఉండే" అని వస్తుంది. భక్తి అనే భావం ఈ మూడు ముక్కల్లో ఎక్కడా లేదు. ఉన్నది ఒక బొమ్మ: ఒకరు పీఠం మీద ఉన్నారు, వారి పక్కన మరొకరు లేవకుండా కూర్చుని ఉన్నారు.

హెద్రా వెనుక ఉన్న ధాతువు తెలుగువారికి బాగా తెలిసినదే. సంస్కృతంలో సకారంతో మొదలయ్యే మాటలు గ్రీకులో చాలాసార్లు హకారంతో మొదలవుతాయి. సప్త అక్కడ హెప్తా, సమ అక్కడ హొమొస్. అలాగే కూర్చోవడం అనే అర్థమున్న సద్ ధాతువు అక్కడ హెద్ అయింది. సదస్సు అనే మాటలోని సదస్‌కు గ్రీకులో హెదొస్ సరిగ్గా తోబుట్టువు. పరిషత్తు, సభాసదుడు, ఉపనిషత్తు ఈ ధాతువు నుంచి వచ్చినవే. ఉపనిషత్తుకు సాధారణంగా చెప్పే వివరణ గురువుకు దగ్గరగా, కిందుగా కూర్చోవడం. ఒక భాష మరొక భాష నుంచి అరువు తెచ్చుకున్న సంగతి కాదిది. రెండు భాషలూ ఒకే పాత మూలం నుంచి తెచ్చుకున్న ధాతువు అది. కూర్చోవడంతోనే సన్నిహితత్వాన్నీ నేర్చుకోవడాన్నీ చెప్పే అలవాటు రెండుచోట్లా నిలిచింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ధాతువు తెలిస్తే అర్థం తెలిసినట్టు కాదు. మాట అర్థాన్ని నిర్ణయించేది వాడుక. పాఠశాలలో పరిషత్తు అంటే ఎవరూ "చుట్టూ కూర్చోవడం" అనుకోరు కదా! కాబట్టి యూపారెద్రొస్ అరుదైనదైనా, దాని లోపలి మాట పారెద్రొస్ ఎక్కడెక్కడ తిరిగిందో చూడాలి.

ఏథెన్సు నగరంలో అది ఒక పదవి పేరు. ఏటా ఎంపికయ్యే పాలనాధికారులైన ఆర్ఖోనులలో ముఖ్యులైన ముగ్గురూ తమ సహాయానికి ఇద్దరేసి మనుషులను ఎంచుకునేవారు. వారిని పారెద్రొస్‌లు అనేవారు. ఏథెన్సు రాజ్యాంగం గురించి అరిస్టాటిల్ పేరు మీద ఉన్న గ్రంథంలో ఈ ఏర్పాటు కనిపిస్తుంది. పదవిలో కూర్చునే ముందు వారికీ అర్హత పరీక్ష జరిగేది. పక్కన కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. అధికారి చూస్తున్న వ్యవహారం చూడడం, వింటున్నది వినడం, అడిగినప్పుడు చేయందించడం.

కవులు దీన్ని దేవతల లోకానికి ఎక్కించారు. అతిథులను కాచే దేవతల రాజు జ్యూస్ పక్కన కూర్చునే పారెద్రొస్‌గా ధర్మదేవత థెమిస్‌ను పిండార్ ఒక విజయగీతంలో కీర్తించాడు. అంతకు ముందే హెసియొడ్, మనుషులు అన్యాయం చేసినప్పుడు న్యాయదేవత తండ్రి జ్యూస్ పక్కన కూర్చుని మొరపెట్టుకుంటుందని చెప్పాడు. సింహాసనం పక్కన ఎవరు కూర్చుంటారన్నది ఆ కవులకు చిన్న విషయం కాదు. వారి మాట సింహాసనం మీద ఉన్నవాడి చెవిని చేరుతుంది.

గ్రీకు మాట్లాడే యూదులు కూడా ఈ మాటను ఇష్టంగానే తీసుకున్నారు. సొలొమోను పేరు మీద గ్రీకులో ఉన్న యూదుల పుస్తకం సొలొమోను జ్ఞానగ్రంథం 9వ అధ్యాయంలో రాజు చేసే ప్రార్థన ఉంది. నీ సింహాసనాల పక్కన కూర్చునే జ్ఞానాన్ని నాకు ఇవ్వు అని అడుగుతాడు. అక్కడ జ్ఞానమే పారెద్రొస్. అదే గ్రంథం 6వ అధ్యాయంలో ఇంకా అందమైన తిప్పు ఉంది. జ్ఞానం కోసం వేకువనే లేచినవాడు శ్రమపడనక్కర లేదట, తలుపు తీసేసరికి అది గుమ్మం దగ్గరే కూర్చుని కనిపిస్తుందట. దేవుని సింహాసనం పక్కన ఉండే జ్ఞానం మనిషి వాకిట్లో కూడా కూర్చుంటుందన్న ఆ ఊహ నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. సెప్తువగింతులో సామెతల గ్రంథం కూడా జ్ఞానం ద్వారాల దగ్గర కూర్చుని ఉందని చెప్పడానికి ఈ కుటుంబపు క్రియనే, పారెద్రెయువో అనే క్రియను, వాడింది.

ఇక మంత్రాల వైపు ఒక చూపు. ఐగుప్తులో దొరికిన గ్రీకు మంత్ర పత్రాల్లో పారెద్రొస్ అంటే మంత్రగాడికి తోడుగా ఉండి, అతడు చెప్పిన పని చేసే అదృశ్య శక్తి. అక్కడ దైవశక్తి వచ్చి మనిషి పక్కన కూర్చోవాలి, ఆజ్ఞ మనిషిది. పౌలు రాసిన వాక్యంలో కూర్చునేవాడు మనిషి, పీఠం ప్రభువుది. పౌలుకు ఆ పత్రాలు తెలుసని నేను అనడం లేదు. అదే మాట ఎటు తిరిగితే ఏ లోకంలోకి వెళ్తుందో చూపడానికే చెప్పాను.

పౌలు స్వయంగా ఈ కుటుంబపు మాటను ఇంకోసారి వాడాడు, అదీ రెండు అధ్యాయాల తరువాతే. 9:13లో బలిపీఠం దగ్గర సేవ చేసేవారు బలిపీఠంతో పాలు పంచుకుంటారని రాస్తూ, "సేవ చేసేవారు" అన్న చోట పారెద్రెయువో క్రియనే పెట్టాడు. మన పాత తెలుగు బైబిలులో అక్కడ "బలిపీఠమునొద్ద కనిపెట్టుకొనియుండువారు" అని ఉంది. ఇది నా దృష్టిలో గొప్ప అనువాదం. కనిపెట్టుకొని ఉండడం అంటే కేవలం ఎదురుచూడడం కాదు. కన్ను అక్కడే పెట్టి, ఏ అవసరం వస్తే దానికి సిద్ధంగా ఉండడం. యాజకుడు పీఠం దగ్గర ఉండే తీరు అదే. కాబట్టి 7:35లో పౌలు మనసులో ఉన్న బొమ్మ దేవాలయం లోపలిదనడానికి, రాజసభ కన్నా ఇదే దగ్గరి ఆధారం.

రాతప్రతుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు పాత ముద్రణల గ్రీకు పాఠం తెరిస్తే ఈ మాట మీకు కనబడకపోవచ్చు. నాలుగో శతాబ్దానికి చెందిన సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ యూపారెద్రొన్ ఉంది. తరువాతి కాలపు ప్రతుల్లో ఎక్కువ వాటిలో యూప్రొసెద్రొన్ అని ఉంది. పదహారో శతాబ్దం నుంచి అచ్చయిన గ్రీకు పాఠం ఆ రెండో దాన్నే అనుసరించింది. "పారా"కు బదులు "ప్రొస్" వచ్చింది, పక్కన అన్నది దగ్గరకు అయింది. 9:13లోనూ ఇదే మార్పు జరిగింది. లేఖకులు మోసం చేశారని అనుకోనక్కర లేదు. సేవలో నిలకడగా ఉండడానికి ప్రొసెద్రెయువో అనే మాట వారి కాలంలో ఎక్కువ వాడుకలో ఉండేది. తెలియని మాట ఎదురైనప్పుడు చేయి తెలిసిన మాట వైపు పోతుంది. అందుకే పాఠ విమర్శలో, అంటే రాతప్రతులను పోల్చి అసలు పాఠం ఏదో తేల్చే పనిలో, కష్టమైన రూపానికే మొగ్గు చూపుతాం. అర్థంలో పెద్ద తేడా లేదు, బొమ్మలో మాత్రం ఉంది. ఒకటి చేరువ కావడం, ఇంకొకటి ఇప్పటికే పక్కన ఉండడం.

అయిదు ఆరు శతాబ్దాల నాటి నిఘంటుకారుడు అలెగ్జాండ్రియా హెసూఖియొస్ ఈ మాటకు ఇచ్చిన వివరణ రెండే మాటలు: "చక్కగా నిలిచి ఉండేది". పక్కనే ఉండిపోవడం అన్నది ఆయన చెవికీ ముఖ్యంగా వినిపించింది.

"పౌలే పుట్టించాడా" అన్నదానికి నా జవాబు: అలా అనుకోవడానికి కారణం లేదు, అలా అనవలసిన అవసరమూ లేదు. గ్రీకులో "యూ"ను ముందు చేర్చి మాటలు కట్టడం మన సమాసాలంత సులువు. హెబ్రీయులకు 12:1లోని యూపెరిస్తతొస్, మొదటి తిమోతి 6:18లోని యూమెతదొతొస్ కూడా కొత్త నిబంధనలో ఒక్కొక్కసారే వస్తాయి. హెబ్రీయుల మాటను మన తెలుగు బైబిలు "సుళువుగా చిక్కులబెట్టు" పాపం అంది. అంటే "యూ"కు చక్కగా అన్న అర్థమే కాక సులువుగా, అడ్డు లేకుండా అన్న అర్థం కూడా ఉంది. యూపారెద్రొస్‌లో ఈ రెండూ కలిసే వినిపిస్తాయని నేను అనుకుంటాను. కొరింథులో ఆ పత్రిక చదవగా మొదటిసారి విన్న మనిషికి ఈ మాట కొత్తదే కావచ్చు. అయినా అర్థం అడగవలసిన పని ఉండదు.

ఇక వాక్యంలోకి వద్దాం. సుమారు క్రీ.శ. 55లో ఎఫెసు నుంచి పౌలు ఈ పత్రిక రాశాడు. కొరింథువారు పెళ్లి గురించి ముందుగా ఉత్తరం రాసి అడిగారు, 7వ అధ్యాయం దానికి జవాబు. 35వ వచనంలో ఆయన చెప్పే క్రమం చూడండి. ఇది మీ ప్రయోజనానికే చెబుతున్నాను, మీ మెడకు ఉచ్చు వేయడానికి కాదు. యోగ్యంగా నడవడం కోసం, ప్రభువు పక్కన చక్కగా కూర్చుని ఉండడం కోసం, అదీ దేనికీ లాగబడకుండా. ఉచ్చుకు వాడిన బ్రొఖొస్ అనే మాట కూడా కొత్త నిబంధనలో ఇక్కడ ఒక్కచోటే ఉంది. పాత తెలుగు బైబిలు "ఉరి" అంది. చివరి మాట అపెరిస్పాస్తోస్ కూడా ఇక్కడ ఒక్కచోటే వస్తుంది. ఒకే వచనంలో మూడు అరుదైన మాటలు! పౌలు ఇక్కడ ఆచితూచి రాస్తున్నాడని నాకు అనిపించడానికి ఇదొక కారణం.

అపెరిస్పాస్తోస్ వెనుక ఉన్న క్రియ పెరిస్పావో: చుట్టూ లాగడం, ఇటూ అటూ గుంజడం. (గ్రీకు అక్షరాల మీద వంపు గీతగా పెట్టే స్వరచిహ్నానికి పెరిస్పోమెనె అనే పేరు ఈ క్రియ నుంచే వచ్చింది. గ్రీకు నేర్చుకునేవారికి ఇది గుర్తుండిపోయే సంగతి.) ఈ క్రియను లూకా తన సువార్త 10వ అధ్యాయంలో మార్త గురించి వాడాడు. మార్త పనులతో ఇటూ అటూ గుంజబడుతోంది. ఆమె చెల్లెలు మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని ఉంది. ఆ కూర్చోవడానికి లూకా వాడినది "పారా" చేరిన క్రియ, అంటే పక్కన కూర్చోవడం. పౌలు ఒక్క వచనంలో పక్కపక్కన పెట్టిన రెండు భావాలు, లాగబడడం, పక్కన కూర్చోవడం, లూకా కథలో ఇద్దరు అక్కచెల్లెళ్లుగా కనిపిస్తాయి. ఒకరు మరొకరి నుంచి తీసుకున్నారని చెప్పను. అయితే ఈ రెండు చోట్లనూ విడిగా చదవడం ఇక నా వల్ల కాదు.

మన పాత తెలుగు అనువాదకులు దీన్ని పట్టుకున్నారు! లూకాలో మార్త "తొందరపడి" అని రాశారు, కొరింథీయుల పత్రికలో "తొందర యేమియు లేక" అని రాశారు. ఈనాటి పాఠకుడు తొందర అంటే వేగం అనుకుంటాడు, అందువల్ల వచనం వింతగా తోస్తుంది. పాత తెలుగులో తొందర అంటే అలజడి, చిక్కు, మనసు నిలవనీయని ఇబ్బంది. ఆ అర్థంతో చదివితే రెండు చోట్లా గ్రీకు ధాతువు ఒకటే అన్న సంగతి తెలుగులోనూ దక్కింది.

ఇప్పుడు మీ బోధకుడు చెప్పిన పెళ్లి సంగతి. ఆయనకు ఆధారం లేదని నేను అనను. 32 నుంచి 34వ వచనం వరకు పౌలు స్పష్టంగానే చెబుతున్నాడు: పెళ్లైనవాడు లోకపు పనుల్ని గురించి కూడా చింతించాలి, అతడి మనసు రెండుగా పంచబడుతుంది. ఆ కాలంలో ఇలా ఆలోచించినది పౌలు ఒక్కడే కాదు. ఆయన తరువాతి తరానికి చెందిన స్తోయిక తత్వవేత్త ఎపిక్తెతొస్, ఆస్తినీ సుఖాలనూ వదిలి బతికే సినిక్ మార్గంలోని జ్ఞాని పెళ్లి చేసుకోవాలా అని చర్చిస్తూ, అలాంటివాడు దేవుని సేవలో పూర్తిగా ఉండడానికి అపెరిస్పాస్తొస్‌గా ఉండవద్దా అని అడుగుతాడు. అదే మాట, అదే సందర్భం. ఎపిక్తెతొస్ పుట్టిన హియెరాపొలి పేరు కొలొస్సయులకు రాసిన పత్రికలో కూడా ఉంది.

కానీ "పెళ్లికానివారికే సాధ్యం" అన్నది పౌలు అన్న మాట కాదు. "ఇప్పటి ఇబ్బంది"ని దృష్టిలో పెట్టుకుని ఈ సలహా ఇస్తున్నానని 26వ వచనంలో తానే చెప్పాడు. ఉరి కాదని 35లో మళ్లీ చెప్పాడు. ఇదే పత్రిక చివర, 16:19లో, అకుల ప్రిస్కిల్ల అనే దంపతుల వందనాలు పంపాడు. వారి ఇంట్లోనే సంఘం కూడేది. కొరింథులో వారితో కలిసి డేరాలు కుట్టినవాడు పౌలు. ఆ దంపతులు ప్రభువు పక్కన కూర్చోలేదని ఆయన చేత అనిపించగలమా? మార్తకు భర్త ఉన్నట్టు లూకా ఎక్కడా చెప్పలేదు, అయినా గుంజబడినది ఆమే. యూదుల మరో పాత జ్ఞాన పుస్తకమైన సీరాకు గ్రంథం 41:1లో అపెరిస్పాస్తొస్ అనిపించుకున్న మనిషి ఆస్తిపాస్తులతో హాయిగా బతుకుతున్నవాడు, బ్రహ్మచారి అన్న సూచన లేదు. గుంజేది పెళ్లే కానక్కర లేదన్నమాట. ఈ మాటను పట్టుకుని, పిల్లలను పెంచుకుంటున్న తల్లుల భక్తిని రెండో తరగతిలో కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను. నాకు కోపం వచ్చే సంగతి అది. పౌలు ఉరి కాదన్న దాన్నే ఉరిగా మార్చడం అది.

భక్తి అనే అనువాదం గురించి. తెలుగు బైబిలులో భక్తి అన్న మాట ఇప్పటికే చాలా బరువు మోస్తోంది. యాకోబు 1:27లో అది థ్రేస్కెయియా, అంటే బయటికి కనిపించే ఆరాధన, మతాచారం. తిమోతి పత్రికల్లో దేవభక్తి అన్నది యూసెబెయియా, పూజ్యభావం. హెబ్రీయులకు 5:7లో భయభక్తులు అన్నది యూలాబెయియా, జాగ్రత్తతో కూడిన భయం. ఈ మూడూ ఒక్కొక్క వైపు నుంచి భక్తిని చూపే మాటలు. యూపారెద్రొస్‌ను కూడా అదే గంపలో వేస్తే దాని బొమ్మ పోతుంది. తెలుగు భక్తి వెనుక ఉన్న భజ్ ధాతువుకు పంచుకోవడం, పాలు పొందడం అనే అర్థం ఉంది, భాగం అన్న మాటా దాని నుంచే వచ్చింది. 9:13లో పీఠం దగ్గర కూర్చున్నవారు పీఠంతో పాలివారు అవుతారని పౌలు అన్నది ఇక్కడ గుర్తొస్తుంది. ఆ మేరకు భక్తి పరాయి మాట కాదు. అయినా వినేవారి చెవికి ఆ ధాతువు నేడు వినబడదు.

పాత అనువాదకులు ఇక్కడ భక్తి అనలేదు, "ప్రభువు సన్నిధానవర్తనులై" అన్నారు. సన్నిధానం అంటే దగ్గర ఉండడం, ఎదుట ఉండడం. వర్తించడం అంటే అక్కడే మెలగడం. గుడిలోనూ చర్చిలోనూ సన్నిధి అనగానే తెలుగు మనిషి అడుగు నెమ్మదిస్తుంది. గ్రీకులోని పీఠం పోయింది గాని, పక్కన ఉండడం పూర్తిగా మిగిలింది. ఈ మాటను ఎంచినవారి చెవికి నేను చేతులెత్తి మొక్కుతాను.

అచ్చ తెలుగులో దీనికి దగ్గరి మాట ఒకటి ఉంది: కొలువు. కొలవడం అంటే పూజించడం, కొలువు అంటే రాజు ఎదుట ఉండి చేసే సేవ, కొలువు తీరడం అంటే సభలో కూర్చోవడం. సభ, సేవ, ఆరాధన మూడూ ఒకే మాటలో ఇమిడిన చోటు అది. నేటి తెలుగులో కొలువు అంటే ఉద్యోగం కూడా కాబట్టి అనువాదంలో పెట్టడానికి వెనుకాడతాను. తరగతిలో మాత్రం ఈ మాట చెప్పినప్పుడే విద్యార్థుల ముఖాలు వెలుగుతాయి.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మ చివరి నెలల్లో ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. నేనూ మా చెల్లీ వంతులవారీగా అందులో కూర్చునేవాళ్లం. చేయడానికి పెద్దగా పని ఉండేది కాదు. నీళ్లు అడిగితే ఇవ్వడం, దుప్పటి సర్దడం, కళ్లు తెరిచినప్పుడు కనబడడం. చెల్లికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఫోను మోగుతూనే ఉండేది. నేను ఒంటరివాణ్ని. అయినా అమ్మ కళ్లు తెరిచి వెతికింది ఎక్కువసార్లు చెల్లినే, ఎందుకంటే ఆ కుర్చీలో ఉన్నంతసేపూ చెల్లి పూర్తిగా అక్కడే ఉండేది. నేను పుస్తకం చదువుకుంటూ ఉండేవాణ్ని.

మీ నోటు పుస్తకంలో రాసుకోవడానికి ఈ వచనానికి నా అనువాదం ఇది: "మీ మెడకు ఉచ్చు వేయాలని కాదు, మీ మేలు కోరే ఇది చెబుతున్నాను; మీరు తగినట్టు నడుచుకోవాలని, ఏదీ మిమ్మల్ని ఇటూ అటూ గుంజకుండా ప్రభువు పక్కనే కనిపెట్టుకుని కూర్చుని ఉండాలని." కొంచెం పొడవైంది. "కూర్చుని" అన్న మాటను మాత్రం తీసేయకండి.